గ్లవ్స్ వెనుక చేతులు

బద్వేలు మైదానాల్లో పొద్దున్నే కీపింగ్ గ్లవ్స్ తొడిగే పిల్లలకు ఈ మాట.

వెలికొండల అవతల ఒంగోలులో, 2015 ఫిబ్రవరిలో, విశాఖ కుర్రాడు కోన శ్రీకర్ భరత్ గోవా మీద 308 పరుగులు బాదాడు. రంజీ ట్రోఫీలో ఒక వికెట్ కీపర్ ట్రిపుల్ సెంచరీ కొట్టడం అదే మొదలు. 2021 ఐపీఎల్‌లో, దుబాయ్‌లో, ఆఖరి బంతికి సిక్సర్ కొట్టి బెంగళూరును గెలిపించాడు. ఎదుటి జట్టుకు కెప్టెనూ కీపరూ రిషభ్ పంత్. ఆ పంత్ కారు ప్రమాదంలో గాయపడ్డాకే, 2023లో నాగ్‌పూర్‌లో భరత్‌కు టెస్టు టోపీ దక్కింది.

ఆడినవి ఏడు టెస్టులే. పరుగులూ తక్కువే. అయినా నాకు ఆ సిక్సర్ కన్నా నాగ్‌పూర్ తొలిరోజే ఇష్టం. ఆస్ట్రేలియా బ్యాటర్లు లబుషేన్, స్మిత్ కుదురుకుని 82 పరుగులు జోడించారు. జడేజా బంతి తిరిగింది, 49 పరుగుల దగ్గరున్న లబుషేన్ ముందుకొచ్చి బంతిని అందుకోలేకపోయాడు, భరత్ బెయిల్స్ లేపేశాడు.