మరమ్మతు పూర్తయింది

మా అమ్మ పాకీ పని చేసింది. ఈ ఒక్క వాక్యం కాగితం మీద పెట్టడానికి నాకు యాభై ఏళ్లు పట్టింది. చదువుకున్నాను, ఉద్యోగం చేశాను, సభల్లో మాట్లాడాను. ఏప్రిల్ 14న అంబేడ్కర్‌కి దండ వేసి 'మా పూర్వీకులు' అన్నానే గాని 'మా అమ్మ' అనలేదు. పూర్వీకులు ఎక్కడో దూరంగా ఉంటారు. అమ్మ పక్క గదిలోనే ఉంటుంది.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మా కాలనీలో ఒక మ్యాన్‌హోల్ పొంగింది. దాన్ని బాగుచేయించిన సంఘానికి కార్యదర్శిని నేను.

ముందు మా పేట సంగతి చెప్పాలి. మేం రెల్లోళ్లం. మా పేట టౌనుకి పల్లంలో ఉండేది. టౌన్లో మురుక్కాలవలన్నీ మా గుడిసెల పక్కనించే పోయేవి. మా నాయనా, బాబాయిలూ మున్సిపాలిటీ కాలవల పని చేసేవాళ్లు. ఊరందరి కాలవలూ వాళ్ల చేత తీయించారు గాని మా పేట కాలవ తీయించిన రోజు నాకు గుర్తులేదు. దాన్ని మావాళ్లే ఆదివారం పూట పారలు పట్టుకుని తీసుకునేవాళ్లు. జీతానికి ఊరి కాలవ, ఊరికే మా కాలవ.

అమ్మ తెల్లారకముందే తట్టా రేకూ చీపురూ పట్టుకుని పోయేది. ఇళ్ల వెనక సందుల్లోంచే పోవాలి. తను ఇరవై ఏళ్లు శుభ్రం చేసిన ఇళ్ల ముందు గుమ్మాలు ఎట్లా ఉంటాయో అమ్మకి తెలీదు. వానాకాలం తట్ట కారేది. ఇంటికొచ్చి ఎంత తోముకున్నా, ముద్ద నోటిదాకా వచ్చేసరికి చేతులు వాసనొస్తన్నాయనేది. వేళ్లకి పసుపు రాసుకుని తినేది. తర్వాత సెప్టిక్ ట్యాంకులొచ్చాయి, పాకీ దొడ్లు పోయాయి, అమ్మని రోడ్లు ఊడ్చే పనికి మార్చారు. ఆ పని తప్పని దేశం 1993లో చట్టం చేసింది. 1997 జనవరి 26 నుంచి అది అమల్లోకి వచ్చింది. అమ్మకి ఆ సంగతి ఏ ఆఫీసరూ చెప్పలేదు. చాలా ఏళ్ల తర్వాత నేనే చెప్పాను. "అవునా" అంది, అంతే.

ఇక కాలనీ. అద్దె ఇళ్ల కోసం తిరిగిన రోజుల్లో "మీరేవిట్లు?" అని అడగని గుమ్మం నాకు తగల్లేదు. ఆ ప్రశ్న ఇంక వినకూడదని లోను పెట్టి సొంత ఇల్లు కొన్నాను. అరవై నాలుగు ఇళ్ల కాలనీ. కాలనీకో సంక్షేమ సంఘం. ఆఫీసు పనులు తెలిసినవాడు, రాత బాగుంటుంది అని నన్ను కార్యదర్శిని చేశారు. దాచడమెందుకు, నాకు సంతోషమేసింది. మా అమ్మ వెనక సందుల్లోంచి నడిచింది, నేను ముందు గుమ్మంలోంచి వచ్చి కుర్చీలో కూర్చున్నాననుకున్నాను.

నెలనెలా 'సంఘం వార్తలు' అని ఒక పేజీ రాసి పార్కు గేటు దగ్గర బోర్డు మీద అంటించడం నా పని. 'మూడో వీధిలో దీపాలు మార్చబడినవి. నీళ్ల ట్యాంకు శుభ్రపరచబడినది. నాలుగో వీధిలో గుంటలు పూడ్చబడినవి.' ఇట్లా ఉండేవి వార్తలు. రాత బాగుందని పెద్దలు మెచ్చుకునేవాళ్లు.

ఆ ఏడాది వానలకి రెండో వీధిలో మ్యాన్‌హోల్ పొంగింది. మురుగు రోడ్డెక్కింది. రెండోరోజుకి కుళాయి నీళ్లలో కూడా వాసన. ఇద్దరు పిల్లలకి విరేచనాలు పట్టుకున్నాయి. ఆఫీసుకి ఫోన్ చేస్తే జెట్టింగ్ మిషన్ రావడానికి నాలుగు రోజులు పడుతుందన్నారు. రాత్రికి రాత్రి మీటింగ్ పెట్టాం.

"నాలుగు రోజులూ పిల్లలు ఈ నీళ్లే తాగాలాండీ?" అన్నాడు ప్రెసిడెంటు. న్యాయమైన ప్రశ్నే. "మనిషి దొరుకుతాడండీ, పదిహేను వందలిస్తే గంటలో పని" అన్నాడు ఇంకొకాయన. అందరూ నావైపు చూశారు. సంతకం పెట్టేవాణ్ని కాబట్టి చూశారో, మరెందుకు చూశారో నాకిప్పటికీ తెలీదు. మనిషిని దింపకూడదని చట్టం ఉందన్నాను. "మనం దింపట్లేదండీ, అతనే దిగుతానంటున్నాడు" అన్నారు. నేనింకో మాట మాట్లాడలేదు. ఆ మాట్లాడకపోవడం గురించే ఈ వ్యాసమంతా.

పొద్దున్నే అతనొచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. మూత తీసి ఒక అరగంట వదిలేశారు. అదొక్కటే జాగ్రత్త. నడుముకి తాడు. రెండో కొస వాళ్ల బామ్మర్ది చేతిలో. మందు వేసుకుని వచ్చాడు, వేసుకోకుండా దిగలేమండి అన్నాడు. లుంగీ విప్పి నిక్కరు మీద దిగాడు. బకెట్టు వెంట బకెట్టు నల్లటి సిల్టు పైకొచ్చింది. మేడల మీద నుంచి జనం ముక్కులు మూసుకుని చూశారు. నేనూ జేబురుమాలు అడ్డం పెట్టుకున్నాను. నలభై నిమిషాలకి లోపల గుడగుడమని చప్పుడై నీళ్లు లాగేశాయి. "అమ్మయ్య" అన్నారందరూ. అతను పైకొచ్చాడు. ఏమీ కాలేదు.

డబ్బులకి మా ఇంటికొచ్చాడు. కుళాయి దగ్గర కడుక్కుని మెట్ల కింద నిలబడ్డాడు. అమ్మ నీళ్లు తెచ్చింది. అతను వంగి దోసిలి పట్టాడు.

అమ్మ నీళ్లు పొయ్యలేదు. "దోసిలి తియ్యి నాయనా. గ్లాసు పట్టుకో. ఇది మనిల్లే" అంది.

అతను తలెత్తి హాల్లో గోడ మీదున్న అంబేడ్కర్ ఫోటో చూశాడు, అమ్మని చూశాడు, నన్ను చూశాడు. "మీరూ మనోళ్లేనాండీ!" అన్నాడు. నిష్ఠూరంగా అని ఉంటే బాగుండేది. సంతోషంగా అన్నాడు. "ఐతే ఇంకేమండి, ఇట్టాంటి పని ఎప్పుడున్నా మనకే చెప్పండి."

అతను పోయాక అమ్మ అడిగింది. "ఎవరు దింపారు పెద్దోడా?"

"సంఘం."

"సంఘమంటే ఎవరు?"

నేను మాట్లాడలేదు.

"నేను మోసేటప్పుడు ఆ ఇళ్లోళ్లకి నేనెవరో తెలీదు. నీకు తెలుసు గదరా" అంది.

ఆ రాత్రి సంఘం వార్తలు రాయడానికి కూర్చుని, 'రెండో వీధిలో డ్రైనేజీ మరమ్మతు పూర్తయింది' అని రాశాను. రాసి చూసుకుంటే ఆ వాక్యంలో మనిషి లేడు. అంతకుముందు రాసినవన్నీ చూశాను. మార్చబడినవి, పూడ్చబడినవి, శుభ్రపరచబడినది. ఎక్కడా మనిషి లేడు. వోచరు తీశాను. 'డ్రైనేజీ మరమ్మతు నిమిత్తం రూ. 1500'. అందులోనూ లేడు. మా అమ్మని ఇరవై ఏళ్లు వెనక సందులో నడిపించినవాళ్లు చేసింది కూడా ఇదే. పని కావాలి, చేసే మనిషి కనపడకూడదు. అదే పని నేను నా మంచి తెలుగుతో చేశాను.

అప్పట్నించీ నాతో నేను వాదించుకుంటూనే ఉన్నాను. ఆ వాదనలు మీ ముందు పెడతాను.

అతనొప్పుకునే దిగాడు కదా? ఒప్పుకున్నాడు. కానీ మా కాలనీలో డిగ్రీలు చదివి ఉద్యోగాల్లేని కుర్రాళ్లు ఓ పదిమంది ఉన్నారు. వాళ్లకీ డబ్బులు అవసరమే. పదిహేను వందలిస్తాం దిగుతావా అని వాళ్లనెవరూ అడగలేదు. అడగాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు, నాతో సహా. ఒప్పుకోవడమే ముఖ్యమైతే అందరినీ అడిగేవాళ్లం. ఎవర్నడగాలో మాకు ముందే తెలుసు. ఆ తెలియడం పేరే కులం. కులమంటే శ్రమ విభజనేనని సమర్థించేవాళ్లకి 1936లోనే 'కుల నిర్మూలన'లో అంబేడ్కర్ జవాబు చెప్పాడు. నేనది రెండుసార్లు చదివాను, కుర్రాళ్లకి పాఠం కూడా చెప్పాను. మీటింగులో గుర్తురాలేదు.

మరి పిల్లల జబ్బు? అది అబద్ధం కాదు. ఆ ఇద్దరు పిల్లల్నీ నేను చూశాను. కానీ నాలుగు రోజులు ట్యాంకరు తెప్పించుకోవచ్చు, ఆ లైనులో వాడకం తగ్గించుకోవచ్చు. అరవై నాలుగు కుటుంబాలు పంచుకుంటే అదేం మోయలేని బరువు కాదు. ఒక తక్కెట్లో మా నాలుగు రోజుల ఇబ్బంది పెట్టాం, ఇంకో తక్కెట్లో ఒక మనిషి ప్రాణం పెట్టాం. మా ఇబ్బందే బరువు తూగింది. పిల్లల పేరు చెప్పుకున్నాం గాని అసలు మాకు వాసన భరించడం కష్టమైంది. మిషన్లు లేవా అంటే ఉన్నాయి. ఇరుకు సందుల్లోకి పోయే చిన్న జెట్టింగ్ మిషన్లు 2017లోనే హైదరాబాద్‌లో 70 తెచ్చారు.

ఏమీ కాలేదు కదా? ఈ మాట నన్ను అన్నిటికన్నా ఎక్కువగా బాధపెడుతుంది. మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ కొంచెం ఉంటే కుళ్లిన గుడ్డు వాసనొస్తుంది. బాగా ఎక్కువైతే ముక్కు పనిచేయదు, వాసన తెలీదు. గ్యాస్ పోయిందనుకుంటాడు దిగినవాడు. ఆ తర్వాత రెండు మూడు ఊపిర్లే. పైన తాడు పట్టుకున్నవాడు కాపాడదామని దూకుతాడు. అందుకే ఈ చావులు పేపర్లలో తరచుగా ఇద్దరూ ముగ్గురుగా కనపడతాయి. ఆ రోజు అతను బతికొచ్చాడంటే అది మా మంచితనం కాదు, గ్యాస్ లేకపోవడం. ఉండి ఉంటే? 1993 నుంచి మురుగులో చనిపోయిన ప్రతివాడి కుటుంబానికీ 10 లక్షలివ్వాలని 2014 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. పరిహారం పెరిగింది గాని చావులు ఆగలేదు. ఆ పరిహారం రావాలంటే అతన్ని ఎవరో దింపారని ఆ ఇల్లాలు రుజువు చేసుకోవాలి. మా కాగితాల్లో అతను దిగనే లేదు. మరమ్మతు దానంతటదే పూర్తయింది. నా వాక్యం ఉత్త వాక్యం కాదు, హత్యకి ముందే చెరిపేసిన సాక్ష్యం.

నువ్వూ ఆ కులంవాడివే కదా, నీకు కులగజ్జి ఎట్లా ఉంటుంది? ఈ మాట నా మనసే అడిగింది. కుర్చీలు మనకి కావాలని కొట్లాడాం, ఇంకా కొట్లాడాలి. కానీ కుర్చీలో కూర్చున్నాక మన నోరు మూసుకుపోతే, చేసే పనికి మన సంతకం అడ్డం పెట్టుకోవడానికి వాళ్లకి మరింత సులువవుతుంది.

ఇవన్నీ సౌకర్యాల సంగతులనీ, ఉద్యమం సంగతులు కావనీ అనుకునే మిత్రులున్నారు. మహద్ చవదార్ చెరువు అందరిదీ అని అక్కడి మున్సిపాలిటీ 1924లోనే తీర్మానం చేసింది. కాగితం మీద చెరువు తెరుచుకుంది. 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలమందితో నడిచిపోయి నీళ్లు తాగితే ఊరు మీద పడి కొట్టింది. మన దగ్గర 1985 జూలైలో కారంచేడులో మాదిగల మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన గొడవ ఆరుగురి ప్రాణాలు తీసింది. నీళ్లూ మురుగూ ఎప్పుడూ ఉత్త ఇంజనీర్ల వ్యవహారం కాదు.

మర్నాడు నేను కాగితం మార్చి రాశాను. 'రెండో వీధి మ్యాన్‌హోల్‌లోకి మనం ఒక మనిషిని దింపి సిల్టు తీయించాం. రక్షణలేవీ ఇవ్వలేదు. ఇది చట్టరీత్యా నేరం. వోచరు మీద సంతకం నాది.' మధ్యాహ్నానికి ఆ కాగితం బోర్డు మీద లేదు. సాయంత్రం మీటింగ్. "ఎప్పుడూ లేంది కాలనీలోకి కులం తెస్తున్నారేంటండీ?" అన్నారు. "ఇన్నాళ్లూ మనవాడే అనుకున్నాం" అన్నాడొక పెద్దాయన.

2013 డిసెంబర్ 6న, అంబేడ్కర్ వర్ధంతి రోజున, అమల్లోకి వచ్చిన కొత్త చట్టం చదివి వినిపించాను. రక్షణలు లేకుండా మురుగులోకి దింపితే మున్సిపాలిటీ అయినా, సంఘమయినా, మామూలు మనిషయినా, మొదటి తప్పుకే రెండేళ్ల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. అప్పుడు నిశ్శబ్దమయ్యారు. ఇకమీదట మనిషిని దింపేది లేదని, మిషన్ వచ్చేదాకా ట్యాంకరు ఖర్చు అందరూ పంచుకోవాలని తీర్మానం రాశాం. న్యాయమనిపించి ఒప్పుకోలేదు, జైలుకి భయపడి ఒప్పుకున్నారు. నాకది చాలు. రాజీనామా చేద్దామనుకుంటే అమ్మ వద్దంది. "నువ్వు లేస్తే ఇంకోడు కూకుంటాడు" అంది.

కానీ ఇది గెలుపు అని రాయలేను. తీర్మానం సంగతి చెబుదామని అతని పేటకి పోయాను. అంతా విని, "మంచిదేనండి. కానీ నా పని పోయింది గదండీ. చట్టం నాకు పదిహేను వందలివ్వదు గదా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మనిషిని దింపకుండా ఆపడం సగం న్యాయమే. దిగాల్సిన అవసరం లేని బతుకు ఇవ్వడం మిగతా సగం. ఆ సగం లేకుండా మొదటి సగం గురించి మాట్లాడితే, మన చేతులు కడుక్కోవడమే అవుతుంది.

ఈ పుస్తకం చదివే విద్యార్థుల్ని ఒకటి అడుగుతాను. మీ హాస్టల్ నోటీసు బోర్డు మీద, మీ వార్డు కాగితాల్లో 'పూర్తయింది' అని కనపడితే, ఎవరు చేశారని అడగండి. పేరు అడగండి, ఏం ఇచ్చారో అడగండి. మన సంఘాల కరపత్రాల్లో కూడా అడగండి.

జెట్టింగ్ మిషన్ మీద హెల్పరు పని కోసం అతనూ నేనూ ఇప్పటికి రెండుసార్లు ఆఫీసుకి తిరిగాం. మొన్న దరఖాస్తు నింపుతుంటే 'ప్రస్తుతం చేయుచున్న పని' అనే గడి వచ్చింది. నేను పెన్ను ఆపాను. కూలీ అని రాయనా అన్నాను.

"వద్దండి. దిగుతానని రాయండి" అన్నాడు.

అట్లాగే రాశాను.