పనికిరాని ప్రాణి

బోధన్ చెరకు రైతుకు ‘పనికిరాదు’ అనే మాట కొత్త కాదు. 1937లో వెలసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015లో నష్టాల పేరిట మూతపడినప్పుడు, రైతు మీదా కార్మికుడి మీదా పడిన ముద్ర అదే. ఆ ముద్రను మరొక ప్రాణి మీద మనమే వేయబోయే ముందు కొంచెం ఆలోచించాలి.

ఆ ప్రాణి పల్నాటిలో ఉంది. యుద్ధానంతరం బ్రహ్మనాయుడు ప్రవేశించాడని జనం చెప్పుకొనే గుత్తికొండ బిలంలో, చీకటి నీటిలో బతుకుతుంది. రొయ్యకూ పీతకూ దూరపు చుట్టం, కళ్ళు లేవు. 2011లో జార్జి విల్సన్, వై. రంగారెడ్డి అనే శాస్త్రజ్ఞులు దానికి ‘ఆంధ్రకాయిడీస్ షాబుద్దీన్’ అని పేరు పెట్టారు. దాని దాయాదులు గంగా మైదానపు భూగర్భజలాల్లోనూ ఆస్ట్రేలియాలోనూ ఉన్నాయి. ఉప్పునీటిని ఈదగల జాతి కాదిది. కనుక ఈ భూములన్నీ గోండ్వానా అనే ఒకే ఖండంగా ఉన్ననాటి వంశం ఇది.

“మనుషులకే దిక్కులేని దేశంలో ఈ గుడ్డిపురుగు గొడవేమిటి?” అని మిత్రులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మొదటి జవాబు తేలిక: దాని నీరూ రైతు నీరూ ఒకటే. బోర్లు లోతుకు దిగినా, పురుగుమందు భూమిలోకి ఇంకినా, సున్నపురాయి కోసం కొండను తొలిచినా ముందు పోయేది అది. తరువాత ఎండేది పేదరైతు బావి. పెద్ద ఆసామి ఇంకా లోతుకు బోరు దింపుకుంటాడు.

కానీ ఈ జవాబు కూడా ప్రయోజనం లెక్కే. రేపు ఆ ప్రాణి లేకుండానే నీటిని కాపాడే యంత్రం వస్తే, దాన్ని చంపవచ్చా? మనిషీ పురుగూ సమానమని నేననను. కాని తిరిగి సృష్టించలేనిదాన్ని ఒక తరం లాభానికి తుడిచిపెట్టే హక్కు ఎవరిచ్చారు? భూమికి ఏ సమాజమూ యజమాని కాదనీ, అనుభవించి మెరుగుపరచి తరువాతి తరాలకు అప్పగించవలసినదనీ మార్క్స్ ‘కాపిటల్’ మూడో సంపుటంలో చెప్పాడు. ధర కట్టలేనిది విలువలేనిదనడం మార్కెట్టు నీతి. మన నీతి కాదు.

సాధనాలు లేకపోలేదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం, స్థానిక సంస్థలతో సంప్రదించి ప్రభుత్వం ఇలాంటి చోట్లను వారసత్వ స్థలాలుగా ప్రకటించవచ్చు. అదే ఏటి వాల్టా చట్టం బోర్లను అదుపు చేస్తుంది. అయితే ఊరివాళ్ళను వెళ్ళగొట్టి కట్టే కంచె రక్షణ కాదు. ఆ నీటిని తాగేవాళ్ళే కావలి కాయాలి. అప్పుడు బిలంలో ఆ గుడ్డిప్రాణీ మిగులుతుంది, పైన రైతు బావిలో నీళ్ళూ మిగులుతాయి.