తాకని రాయి గురించి ఏం తెలుస్తుంది?

రాయిని ఒక్కసారి కూడా చేత్తో పట్టుకోకుండా భూగర్భ శాస్త్రం చదవొచ్చా? చదివి, ల్యాబ్ పరీక్ష కూడా పాసై, సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చా? తెచ్చుకుంటే ఆ కాగితం నిజం చెబుతున్నట్టేనా?

ఈ ప్రశ్న మన ముందుకు కొత్తగా వచ్చింది. 2020 మార్చిలో కరోనాతో బడులు, కాలేజీలు మూతపడ్డాయి. పాఠాలతోపాటు ప్రయోగాలు కూడా ఫోన్‌లోకి వచ్చాయి. తర్వాత తలుపులు తెరుచుకున్నా ఆ పాఠాలు వెనక్కి పోలేదు. 2017లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ‘స్వయం’ వేదికలో డిగ్రీ స్థాయి కోర్సులు ఎన్నో ఉన్నాయి. భూమి గురించిన తొలి కోర్సును ల్యాబ్‌తో సహా పూర్తిగా ఆన్‌లైన్‌లో చెప్పే కాలేజీలు విదేశాల్లో ఉన్నాయి. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం, సాలూరు, పాచిపెంట కొండల నుంచి చదువుకు బయల్దేరే మన పిల్లలు ఇలాంటి కోర్సుల వైపు చూస్తున్నారు. ఏజెన్సీ బడుల్లో పాఠాలు చెప్పే మేము దీని గురించి ఆలోచించక తప్పదు.

వెంటనే వచ్చే జవాబులు రెండు. ‘తెర మీద చూసేది చదువే కాదు’ అనేది ఒకటి. ‘ల్యాబూ లేదు, లెక్చరరూ లేరు, కనీసం ఇదైనా అందనివ్వండి’ అనేది రెండోది. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. ముందు రెండోదాని వైపు మాట్లాడతాం, ఎందుకంటే నష్టపోయేవాళ్ళ వైపు నుంచి మొదలుపెట్టడం న్యాయం.

కాలేజీ మెట్లు ఎక్కలేనివాళ్ళ కోసం మన ఉమ్మడి రాష్ట్రంలో 1982లోనే సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది. ఇప్పుడు అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో నడుస్తోంది. దూరం అనేది చదువుకు అడ్డు కాకూడదన్నది దాని సూత్రం. పోడు పనికి, ఇంట్లో చిన్నపిల్లలకు, జబ్బుపడిన ముసలివాళ్ళకు ఒక్కతే ఆధారమైన ఆడపిల్ల పట్నంలో హాస్టల్‌లో ఉండి చదవలేదు. ఆమెకు ‘ల్యాబ్ కట్టాక చదువుదువుగాని’ అని చెప్పడమంటే చదవొద్దని చెప్పడమే.

పైగా తెర చూపించే కొన్ని సంగతులు ఏ ఊళ్ళోనూ చేత్తో తాకి తెలుసుకునేవి కావు. భూకంపం ఎక్కడ వచ్చిందో కనిపెట్టే అభ్యాసం చూడండి. భూకంపం వచ్చినప్పుడు పి తరంగం ముందు చేరుతుంది, ఎస్ తరంగం వెనక వస్తుంది. ఆ రెంటి మధ్య ఒక్కో సెకను తేడాకు సుమారు 8 కిలోమీటర్ల చొప్పున దూరం లెక్క కడతారు. మూడు కేంద్రాల నుంచి మూడు వృత్తాలు గీస్తే, అవి కలిసే చోట భూకంపం పుట్టినట్టు. ఈ లెక్క ఫోన్‌లో చేసినా, కాగితం మీద చేసినా ఒక్కటే. అలాగే ఇస్రో వారి ‘భువన్’లో నాగావళి ఒడిశా కొండల్లో పుట్టి, రాయగడ దాటి, తోటపల్లి మీదుగా వచ్చి, శ్రీకాకుళం దగ్గర కళ్ళేపల్లిలో సముద్రంలో కలిసేదాకా ఒక్క చూపులో కనబడుతుంది. నది ఒడ్డునే పుట్టి పెరిగినా మొత్తం నదిని ఎవరమూ అలా చూసి ఉండం. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ వారి ‘భూకోశ్’లో, మన కొండల కింద ఏ రాయి ఉందని వాళ్ళు రాసుకున్నారో ఆ పటం ఇప్పుడు ఎవరైనా చూడొచ్చు. ఒకప్పుడు ఆ పటం ఆఫీసు బీరువాలో ఉండేది. ఈ మేలు చిన్నది కాదు.

ఇప్పుడు మొదటి జవాబు దగ్గరికి వద్దాం. తెర ఇవ్వలేనిది ఏమిటి?

రెండు నల్లరాళ్ళు తీసుకోండి. ఒకటి మాంగనీసు, ఒకటి నల్లగా ఉండే ఇనుప రాయి, హెమటైట్. ఫొటోలో రెండూ ఒకేలా ఉండొచ్చు. పింగాణీ కప్పు అడుగున పూత లేని చోట గీసి చూడండి. మాంగనీసు రాయి నల్ల గీత పెడుతుంది. హెమటైట్ ఎర్ర గీత పెడుతుంది. కంటికి నలుపు, పొడికి ఎరుపు. అలాగే గట్టిదనం. 1812లో మోస్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఖనిజాలకు 1 నుంచి 10 దాకా గట్టిదనం వరుస కట్టాడు. మన గోరు అందులో రెండున్నర, గాజు సుమారు ఐదున్నర. రాయి గాజును గీస్తుందా, గాజే రాయిని గీస్తుందా అన్నది చెయ్యి చెప్పాలి.

ఇవన్నీ వీడియోలో చూపించవచ్చు, చూపిస్తున్నారు కూడా. కానీ అక్కడ రాయిని ఎంచుకున్నది మరొకరు. గీసింది మరొకరు. జవాబు ఇదేనని ముందే తెలిసిన రాయినే తెచ్చారు. నేర్చుకునేవాడు నాలుగు జవాబుల్లో ఒకటి నొక్కుతాడు. అతను నేర్చుకున్నది రాయి గురించి కాదు, రాయి గురించి ఎవరో చెప్పిన మాట గురించి.

చెప్పిన మాట నమ్మడం తప్పా? కాదు. సైన్సులో చాలా భాగం మనం నమ్మే తీసుకుంటాం. భూమి వయసు ఎవరి ఇంట్లోనూ లెక్కకట్టలేరు. అయితే ఎక్కడో ఒక్కచోటైనా నేర్చుకునేవాడు స్వయంగా పరీక్షించి, ‘పుస్తకంలో ఇలా ఉంది, నా రాయి మాత్రం ఇలా గీసింది, ఎందుకు?’ అని అడగగలగాలి. ప్రయోగశాల ఉన్నది అందుకే. పాఠాన్ని రుజువు చేయడానికి మాత్రమే కాదు, పాఠాన్ని ప్రశ్నించే హక్కు విద్యార్థికి ఇవ్వడానికి. ఆ హక్కు లేని ల్యాబు, తెర మీద ఉన్నా, బల్ల మీద ఉన్నా, వినయంగా తల ఊపడమే నేర్పుతుంది. సీసాల్లో రాళ్ళు పెట్టి, తాకనివ్వకుండా తాళం వేసిన ల్యాబులు కూడా మనకు తెలుసు. అందుకే తప్పంతా ఫోన్ మీద వెయ్యడం సరికాదు.

మన కొండల్లో ఇంకో విచిత్రం ఉంది. సిగ్నల్ కోసం పిల్లలు కొండ ఎక్కుతారు. కూర్చునేది ఒక బండ మీద. ఫోన్‌లో చూసేది ఎక్కడో వేరే దేశపు బండ ఫొటో. కూర్చున్న బండ పేరు ఆ పాఠంలో ఉండదు.

కానీ ఆ బండకు పేరుంది. మన తూర్పు కనుమల్లో చాలాచోట్ల కనిపించే ఆ రాయి పేరు ఖొండలైట్. 1902లో టి.ఎల్. వాకర్ అనే సర్వే అధికారి కలహండి ప్రాంతపు రాళ్ళ గురించి రాస్తూ, అక్కడి ఖొండు ప్రజల పేరు దానికి పెట్టాడు. మన జాతాపులు ఆ ఖొండులకు చెందిన శాఖే అంటారు. ఒకనాడు బురదగా, ఒండ్రుగా పేరుకున్నది భూమి లోతుల్లోకి పోయి, వేడికి, ఒత్తిడికి మారి ఈ రాయి అయింది. ఈ మార్పు జరిగి సుమారు 100 కోట్ల ఏళ్ళు. ఇలాంటి రాళ్ళే తూర్పు అంటార్కిటికాలోనూ ఉన్నాయి, ఒకప్పుడు ఆ నేలా మన నేలా కలిసి ఉండేవి గనక. కోణార్క గుడి కట్టింది ఎక్కువగా ఈ రాయితోనే. అందులోని ఎర్రని గింజలు గార్నెట్లు. రాయి అరిగి, గెడ్డల్లో కొట్టుకుపోయి, కళింగపట్నం, భీమిలి తీరాల ఇసుకలో చేరుతున్నది అవే. చీపురుపల్లి వైపు వెళ్తే కోడూరు ఉంది. 1892లో అక్కడ మాంగనీసు తవ్వకం మొదలైంది. మన దేశంలో మాంగనీసు తవ్వకానికి అదే తొలి అడుగు. ఆ ఊరి పేరుతో కోడూరైట్ అనే రాయి కూడా శాస్త్రంలో ఉంది.

అంటే మన మనుషుల పేరు, మన వైపు ఊరి పేరు ప్రపంచ భూగర్భ శాస్త్రంలోకి వందేళ్ళ క్రితమే వెళ్ళాయి. ఆ శాస్త్రం మాత్రం మన ఊళ్ళకు తిరిగి రాలేదు. పేరు తీసుకున్నారు, రాయి తీసుకున్నారు, తెలిసింది చెప్పిపోలేదు. తెలివికి కూడా అప్పు ఉంటుందని మేము నమ్ముతాం. ఒక కొండ గురించి ఎవరైనా ఏదైనా తెలుసుకుంటే, ఆ కొండ మీద బతికేవాళ్ళకు దాన్ని చెప్పే బాకీ వాళ్ళ మీద ఉంటుంది. రేపు మన పిల్లలే భూగర్భ శాస్త్రం చదివితే ఆ బాకీ వాళ్ళ మీదా ఉంటుంది.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. ఖొండలైట్ కొండల నెత్తిన, వానకు ఎండకు రాయి మారి బాక్సైట్ పొర ఏర్పడుతుంది. ఆ పొర వాననీటిని పట్టి, మెల్లగా ఊటలకు వదులుతుంది. గనుల కంపెనీకి అది ఖనిజం, కింద ఊరికి అది గెడ్డ నీళ్ళు. రెండూ నిజమే. ఏ నిజం ఎక్కువ అన్నది నైతిక ప్రశ్న. దాన్ని తేల్చే చోట రెండు నిజాలూ తెలిసినవాళ్ళు ఉండాలి. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులివ్వడం చెల్లదంది. 2013లో నియమగిరి మీద నిర్ణయం గ్రామసభలకు వదిలింది. 12 గ్రామసభలు కూర్చున్నాయి, 12 కూడా వద్దన్నాయి. రాయికి తమ పేరు ఇచ్చిన జాతి, ఆ రాయి గురించి చివరికి తన మాట చెప్పగలిగింది. ఆ మాట వెనక తరాల అనుభవం ఉంది.

అయితే ఒక జాగ్రత్త. అవ్వకు తెలిసిందంతా సైన్సేనని, పుస్తకాలు అక్కర్లేదని మేము అనడం లేదు. తిరగలికి ఏ రాయి పనికొస్తుందో, ఏ మట్టిలో చోళ్ళు బాగా పండుతాయో అవ్వకు తెలుసు. ఆ రాయి వయసు 100 కోట్ల ఏళ్ళని అవ్వకు తెలియదు. అవ్వ మాటనూ పరీక్షించాలి, తెర మాటనూ పరీక్షించాలి. పరీక్షించడం అగౌరవం కాదు. ఇంకొకటి, ఆ పరీక్ష గురించి మన భాషలో మాట్లాడుకోగలగాలి. గిడుగు రామమూర్తి పంతులుగారు సవర నేర్చుకుని, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. రాళ్ళ పాఠానికి కూడా ఆ దారి పనికొస్తుంది.

కాబట్టి తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు మేము చెప్పేది ఇది. ఆన్‌లైన్ కోర్సు దొరికితే తప్పకుండా చదవండి. పటాలు, లెక్కలు, తరంగాలు అక్కడ నేర్చుకోండి. వారానికి ఒక పూట ఫోన్ పక్కన పెట్టి గెడ్డలోకి దిగండి. ఒక మేకు, ఒక గాజుముక్క, ఒక విరిగిన కప్పు చాలు. ఎర్ర గింజ గాజును గీస్తుందేమో చూడండి. వేళ్ళకు నల్లగా అంటే రాయి దొరికితే, అది మాంగనీసా, పెన్సిల్ ములుకులో ఉండే గ్రాఫైటా అని పరీక్షించండి. భూకోశ్ పటంలో మీ ఊరి దగ్గర రాసినదీ, మీ చేతికి దొరికినదీ ఒకటేనా అని పోల్చండి. కాకపోతే ఆ తేడాను రాసి పెట్టండి.

తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. బడిలో ఒక అట్టపెట్టె పెడదాం. ప్రతి రాయికీ ఒక చీటీ కడదాం. అందులో దొరికిన చోటు, తెచ్చిన పిల్ల పేరు, చేసిన పరీక్ష, ఇంట్లో ఆ రాయిని పిలిచే మాట, ఇంకా తేలని సంగతి రాయిద్దాం. ఆ చివరి గడి ఖాళీగా ఉండకూడదు. ఏడాదికోసారి ఆ పెట్టెను గ్రామసభకు తీసుకెళ్ళి, పిల్లల చేతే ఊరికి చెప్పిద్దాం.

ఇక మొదటి ప్రశ్నకు మా జవాబు. తాకని రాయి గురించి చాలా తెలుస్తుంది. అయితే ఆ తెలిసినదాన్ని ‘ఇది నిజమేనా?’ అని అడగడం మాత్రం, ఒక్క రాయినైనా తాకి, గీసి చూసినవాళ్ళకే అలవాటవుతుంది. మన కొండల గురించి రేపు ఎవరు ఏ కాగితం తెచ్చినా, మన పిల్లలు ఆ ప్రశ్న అడగగలిగితే వాళ్ళ సర్టిఫికెట్ నిజం చెప్పినట్టే.