ఇంటి తూము, వీధి ధర్మము

మనుష్యుడు తన యింటినుండి మురికిని వెడలగొట్టినప్పుడు, దానితో తన బాధ్యతయు వెడలిపోవునా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు శాస్త్రగ్రంథములు విప్పనక్కఱలేదు. ఉప్పలులోనో, నాచారములోనో ఒక యింటిముందరి మురుగు చాంబరు మూత తెఱచిన చాలును.

తూము మూసికొన్నప్పుడు ముందు చేయవలసినది విచారణ; నిందించుట కాదు. స్నానపుగదిలో మాత్రమే నీరు నిలిచినచో దోషము ఆ జాలీక్రిందనే యుండును. వెండ్రుకలు, సబ్బుజిడ్డు తీసివేసిన చాలును. మేడమీద నీరు విడువగా క్రిందియింటి మరుగుదొడ్డిలో నీరుబికినచో దోషము అందఱి యుమ్మడి గొట్టములో నున్నది. అప్పుడు చాంబరు చూడవలెను. అది వట్టిగా నున్నచో అడ్డము ఇంటికిని దానికిని నడుమ. నిండియున్నచో దాని కావల. నీరు చక్కగా పోవుచు కంపుమాత్రమే కొట్టినచో, గొట్టపు వంపులో నిలువవలసిన నీరు ఎండిపోయి యుండవచ్చును. ఆ కొద్దినీరే మురుగువాయువునకు తలుపు. కొన్నాళ్లు వాడని గదిలో చెంబెడు నీరు పోసిన ఆ తలుపు మరల మూసికొనును.

ఇంతవరకు తెలివి; ఇక ధర్మము. తొందరపడి యాసిడు పోసినవాని తూము తెఱచుకొనకపోయినచో, పిమ్మట గొట్టము విప్పువాని చేతులు కాలును. వేడినూనె పోసినవాని గొట్టము నేడు బాగుగనే యుండును; అది వీధిగొట్టములో చల్లారి గడ్డకట్టి, రేపు పొరుగువాని యింట నీరుబికించును. కంటికి దూరమైనది లేకపోయినట్లు కాదు.

1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచిన పిమ్మట నిజాము ప్రభుత్వము విశ్వేశ్వరయ్యగారిని పిలిపించెను. ఆయన వరదకు కట్టడి మాత్రమే యోచింపక, నగరమునకు మురుగుకాలువల పథకమును గూడ రచించెను. శుభ్రత ఇంటింటికి వేఱువేఱుగా సాధ్యము కాదని ఆ పథకమే చాటినది. నేడు ఉప్పలు నల్లచెరువు, నాచారము పెద్దచెరువు దగ్గఱ మురుగుశుద్ధి కేంద్రములు వెలసినవి. అయినను గొట్టములో గుడ్డలు త్రోయు చేతిని ఏ కేంద్రమును ఆపజాలదు.

చాంబరు కావల అడ్డమున్నదని తెలిసినప్పుడే మనకు నిజమైన పరీక్ష. యంత్రము వచ్చుటకు ఒకదినము పట్టును. నాలుగువందలిచ్చిన ఎవడో ఒక పేదవాడు మ్యాన్‌హోలులో దిగును. లోపలి హైడ్రోజను సల్ఫైడు వాయువు కొద్దిగా నున్నప్పుడు కుళ్లిన గ్రుడ్డువలె కంపుకొట్టును. మిక్కుటమైనప్పుడు ముక్కు ఆ కంపునే గుర్తింపలేదు. ఆపద పెరిగినకొలది హెచ్చరిక నశించును. రక్షణ లేక మనుష్యుని దింపుటను 2013 నాటి చట్టము నిషేధించినది. 2023 అక్టోబరు 20న సర్వోన్నత న్యాయస్థానము, మురుగులో మృతుడైనవాని కుటుంబమునకు 30 లక్షల రూపాయలు చెల్లింపవలెనని తీర్పు చెప్పినది. చట్టము పరిహారము నిర్ణయింపగలదు, ప్రాణము నియ్యలేదు.

“పన్ను కట్టితిమి, ఇక మాకేమి?” యని కొందఱందురు. పన్నుతో గొట్టములు కొనవచ్చును. సాటివాని యూపిరిని కొనరాదు. తన వంపులోని వెండ్రుకలను తన చేతితో తీయువాడు, నూనెను పాతకాగితముతో తుడిచి చెత్తబుట్టలో వేయువాడు, యంత్రము వచ్చువఱకు ఒకదినము కంపు నోర్చుకొనువాడు, వీరు మహాత్యాగులు కారు, పొరుగువారు మాత్రమే. మన వీధులకు కావలసినదియు అట్టివారే. పాఠకులు యోచింతురు గాక.