బగోనెకు అంటింది, మనిషికి అంటనిది

సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లిలో రెండేళ్లకోసారి పెద్దగట్టు లింగమంతుల స్వామి జాతర జరుగుతుంది. ఆత్మకూర్ (ఎస్) లాంటి చుట్టుపక్కల మండలాల నుంచి జనం ఇంటిల్లిపాదీ తరలివస్తారు. వంటలు రాళ్ల పొయ్యిల మీదే. దించిన బగోనె కిందికి ఒక్క ప్లాస్టిక్ కవర్ వచ్చిందంటే చాలు, కరిగి అడుగుకు పట్టేస్తుంది. ఇక ఆ గిన్నెలో మళ్లీ దేవుడికి నైవేద్యం వండొచ్చా?

ఈ ప్రశ్న చిన్నదేం కాదు. మనుస్మృతి అయిదో అధ్యాయం పాత్రల శుద్ధిని విడిగా చర్చించింది. రాగి, ఇనుము, కంచు, తగరం, సీసం అయితే క్షారం, పులుపు, నీళ్లు వాడాలంది. మట్టికుండ అయితే మళ్లీ కాల్చాలంది. బూడిదతో గిన్నెలు, చింతపండుతో రాగిచెంబులు తోమే మన అలవాటు వెనక ఉన్నదీ ఇలాంటి ఎరుకే. యూదుల ధర్మశాస్త్రంలో, నేరుగా నిప్పు సెగన పాత్ర పీల్చుకున్నది నిప్పుతోనే వదలాలి, మరిగే నీళ్లలో పీల్చుకున్నది మరిగే నీళ్లతోనే పోవాలి. కుక్క మూతి పెట్టిన పాత్రను ఏడుసార్లు కడగాలని, అందులో ఒకసారి మట్టితో రుద్దాలని ముస్లింల హదీసు చెబుతుంది. అంటిందేమిటో చూశాకే మూడుచోట్లా విరుగుడు చెప్పారు.

ప్లాస్టిక్ సంగతి ఆ గ్రంథాలకు తెలియదు. అయినా ఆ చూపు ఇక్కడా పనికొస్తుంది. కవర్లు చేసే పాలిథిన్ రకాన్నిబట్టి సుమారు 105 నుంచి 135 డిగ్రీల మధ్య కరుగుతుంది. అందుకే మరిగే నీళ్లు పోస్తే మెత్తబడుతుందే గానీ ఊడిరాదు. మంట మీద కాల్చేయడం మాత్రం ప్రమాదం. ఆ పొగ ఒంటికి మంచిది కాదు. అది పీవీసీ అయితే హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఆవిరి, డయాక్సిన్లు కూడా వెలువడతాయి. బగోనెను పూర్తిగా చల్లారనిచ్చి కాసేపు డీప్ ఫ్రీజర్‌లో పెట్టాలి. చలికి ప్లాస్టిక్ లోహం కన్నా ఎక్కువగా ముడుచుకుంటుంది, అంచు పైకి లేస్తుంది. అక్కడ చెక్క గరిటె ఆనించి నెడితే పెచ్చులుగా రాలుతుంది. మిగిలిన పలచటి పొరను తడిపిన వంటసోడాతో, పీచుతో రుద్దాలి. స్టీలు, ఇనుము దీన్ని తట్టుకుంటాయి. నాన్‌స్టిక్ పూత లేచిపోతే మాత్రం ఆ పెనాన్ని వంటకు వాడకూడదు.

అంటింది పోయాక ఆ గిన్నె నైవేద్యానికి నిక్షేపంగా పనికొస్తుంది. అది పోకుండా ఎంత పసుపు పూసినా, ఎన్ని కుంకుమ బొట్లు పెట్టినా శుద్ధి అయినట్టు కాదు.

మనసును కలచివేసేది మరొకటుంది. లోహానికి ఇంత ఓపిగ్గా దారి చూపిన ఆ స్మృతే, పదో అధ్యాయానికి వచ్చేసరికి చండాలురు పగిలిన పాత్రల్లో తినాలని శాసించింది. గిన్నెకు పట్టిన మకిలికి పులుపుతో విముక్తి దొరికింది, మనిషికి ఏ విముక్తీ చెప్పలేదు. అసలు ఆ మనిషికి అంటిందేమిటి? గీకితే రాలేది లేదు, కడిగితే పోయేది లేదు. లేని మకిలిని ఉందన్నారు కాబట్టే దానికి విరుగుడు ఎవరూ చెప్పలేకపోయారు. తెలుగు పల్లెల హోటళ్లలో దళితులకు వేరే గ్లాసు పెట్టిన రెండు గ్లాసుల పద్ధతి ఆ అబద్ధం మీదే నిలబడింది. దానికి ధర్మం పేరు పెట్టడం ధర్మానికే అవమానం.

రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. హోటల్లో అందరికీ ఉంచిన పాత్రలను అంటరానితనం పేరుతో ఎవరినైనా వాడనివ్వకపోవడం 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం నాలుగో సెక్షన్ కింద నేరం. వేరే గ్లాసు ఎక్కడ కనబడినా ఊరుకోకండి, ఫిర్యాదు చేయండి.