ఆ ఆరు కిలోమీటర్లు

ఈసారి కథ పురాణంలోంచి కాదు, నా సైకిల్ మీంచి మొదలవుతుంది. పురాణం మధ్యలో వస్తుంది, రాకుండా ఎక్కడికి పోతుంది!

పోయిన ఆగస్టులో మనాలి నుంచి లేహ్‌కి, అక్కడి నుంచి ఖార్దుంగ్ లా దాకా మౌంటెన్ బైక్ తొక్కుకుంటూ వెళ్ళాను. అటూ ఇటూగా 470 కిలోమీటర్లు. 'లా' అంటే అక్కడి భాషలో కనుమ. బారాలాచా లా, ఆ తర్వాత గాటా లూప్స్‌లో 21 హెయిర్‌పిన్ మలుపులు, ఆ పైన ఇంకో రెండు కనుమలు... అంత ఎత్తులో గాలి పీడనం మన విశాఖ బీచ్‌లో ఉండేదాంట్లో దాదాపు సగమే. రాత్రి టెంట్‌లో పడుకుంటే నా గుండె చప్పుడు నాకే వినిపించేది.

టాంగ్లాంగ్ లా 5,328 మీటర్ల ఎత్తు. పైకి ఇంకా ఆరు కిలోమీటర్లు ఉందనగా మంచుతో కలిసిన వాన పట్టుకుంది. వేళ్ళు బ్రేక్ మీద ఉన్నాయో లేవో తెలియట్లేదు. వెనకే వస్తున్న సామాన్ల బండి డ్రైవర్ అద్దం దింపి "బైఠో భాయ్" అన్నాడు. ఎక్కేశా. పైకి వెళ్ళేసరికి వాన ఆగింది. సైకిల్ దింపుకుని బోర్డు పక్కన ఫొటో దిగా.

బండెక్కడంలో తప్పేం లేదు, ఇప్పటికీ అదే అంటాను. మూడు రోజుల తర్వాత ఖార్దుంగ్ లా కూడా ఎక్కి దిగి, లేహ్‌లో కూర్చుని ఆ ఫొటో పోస్ట్ చేశా. కింద "టాంగ్లాంగ్ లా. 5,328 మీటర్లు. నేనూ, నా సైకిలూ" అని రాశా. ఒక్క అక్షరం అబద్ధం లేదు. నేనున్నాను, సైకిలుంది, ఎత్తూ కరెక్టే. అందరూ "మొత్తం తొక్కేశావా, గ్రేట్" అంటే "థాంక్స్" అన్నా. థాంక్స్ కూడా అబద్ధం కాదు కదా!

ఇక్కడే ధర్మరాజు గుర్తొచ్చాడు. ద్రోణుడు అడిగితే అశ్వత్థామ చచ్చాడన్నాడు, ఏనుగన్న మాట గొంతు తగ్గించి అన్నాడు. విడివిడిగా చూస్తే ఏ మాటా తప్పు కాదు. కానీ అప్పటిదాకా నేలకి నాలుగు వేళ్ళ ఎత్తున నడిచిన ఆయన రథం ఆ క్షణమే నేలని తాకిందట. ఆయన యుద్ధం కోసం అన్నాడు. నేను లైకుల కోసం.

మాలాంటి కోడింగ్ వాళ్ళకి ఇంకో రోగం ఉంది, అన్నీ శాతాల్లో లెక్కేసుకుంటాం. 470లో ఆరు పోతే 98.7 శాతం, ఇంకేం కావాలి అనుకున్నా. ఖార్దుంగ్ లా బోర్డు మాత్రం నిజం చెప్పిందా? ఎన్నో ఏళ్ళు 18,380 అడుగులని రాసి పెట్టారు, జీపీఎస్‌తో కొలిస్తే 17,582. అయినా వెళ్ళినవాళ్ళంతా దాని పక్కనే ఫొటో దిగుతారు, నేనూ దిగా. కర్మ చేసి ఫలం వదిలెయ్యమంటారు పెద్దలు. నేను ఫలం పట్టుకుని ఆరు కిలోమీటర్ల కర్మ వదిలేశా.

నష్టం ఎక్కడ జరిగిందంటే, ఖార్దుంగ్ లా నిజంగానే మొత్తం తొక్కాను. లేహ్ నుంచి దాదాపు 40 కిలోమీటర్లు, అంతా ఎక్కుడే. నా జీవితంలో నేను చేసిన కష్టమైన పని అదే. కానీ ఎవరైనా దాని గురించి అడిగితే గబగబా చెప్పేసి టాపిక్ మార్చేస్తున్నా, ఎక్కడ టాంగ్లాంగ్ లా దగ్గరికి వెళ్తారో అని. దాచిన ఆరు, తొక్కిన నలభైని కూడా తినేశాయి.

గత నెల మా బాబాయి కొడుకు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, ఈసారి నేనూ వెళ్తున్నా. నువ్వు మొత్తం తొక్కావు కదా, బ్యాకప్ బండి లేకుండా నలుగురం వెళ్దామనుకుంటున్నాం, డబ్బులు కలిసొస్తాయి."

వాడికి ఇరవై రెండేళ్ళు. నన్ను చూసి లెక్క వేసుకున్నాడు. ఒక్కసారిగా చెమటలు పట్టాయి. ఉన్నదున్నట్టు చెప్పేశా. వాన, వేళ్ళు, బండి, ఫొటో, అన్నీ. కాసేపు వాడేం మాట్లాడలేదు. నవ్వుతాడేమో అనుకున్నా.

"ఆ డ్రైవర్ నంబర్ ఉందా అన్నయ్యా?" అన్నాడు.

పంపించా. ఆ రాత్రే పోస్ట్ తెరిచి, ఫొటో కింద ఇంకో లైన్ కలిపా: "చివరి ఆరు కిలోమీటర్లు బండిలో."