సూడోహాలోజన్లు: జాతి, లక్షణం, సాదృశ్యం

హాలోజన్ మూలకాలు కాకపోయినా, రసాయన చర్యల్లో హాలోజన్ల మాదిరే నడుచుకునే పరమాణు సమూహాలను సూడోహాలోజన్లు అంటారు. సయనైడ్, సయనేట్, థయోసయనేట్, అజైడ్ వీటిలో ముఖ్యమైనవి. ఒక కార్బన్, ఒక నైట్రోజన్ కలిస్తే సయనైడ్. దానికి ఆక్సిజన్ తోడైతే సయనేట్, గంధకం తోడైతే థయోసయనేట్. మూడు నైట్రోజన్లు వరసగా నిలిస్తే అజైడ్. ఇవి క్లోరిన్ లాగే ఒక ఎలక్ట్రాన్‌ను పుచ్చుకుని ఏక రుణావేశ అయాన్లవుతాయి, హైడ్రోజన్‌తో కలిసి ఆమ్లాలవుతాయి, వెండితో నీళ్లలో కరగని లవణాలనిస్తాయి. 1925లో లోథార్ బిర్కెన్‌బాఖ్, కార్ల్ కెల్లర్‌మాన్ అనే రసాయన శాస్త్రవేత్తలు వీటికి ఈ పేరు పెట్టారు. డిగ్రీ పుస్తకంలో ఈ పాఠం రెండు మూడు పేజీల్లో ముగుస్తుంది. అది లేవనెత్తే ప్రశ్న మాత్రం రసాయన శాస్త్రం కంటే చాలా పాతది. ఒక వస్తువు ఫలానా అని చెప్పడానికి ఆధారం దాని నిర్మాణమా, దాని నడతా? ఈ ప్రశ్న మీద నైయాయికులూ బౌద్ధులూ శతాబ్దాల తరబడి వాదించుకున్నారు. వాళ్లు వాడిన పనిముట్లు ఈ రసాయనాల మీద ఇప్పటికీ చక్కగా పనిచేస్తాయి.

చిక్కు మొదలైంది హాలోజన్ల చరిత్రలోనే. 1774లో షీలే క్లోరిన్‌ను తయారు చేసినప్పుడు అది మూలకమని ఎవరూ అనుకోలేదు. ఆక్సిజన్ ఇమిడి ఉన్న సమ్మేళనమని ఆ తరువాతి పండితులు నమ్మారు. ఎంత ప్రయత్నించినా దానిలోంచి ఆక్సిజన్ బయటికి రాకపోవడంతో 1810లో హంఫ్రీ డేవీ అది మూలకమేనని తేల్చాడు. సరిగ్గా ఐదేళ్లకు, 1815లో, గే-లుసాక్ మెర్క్యురీ సయనైడ్‌ను వేడిచేసి సయనోజెన్ అనే వాయువును పట్టాడు. అందులో కార్బన్, నైట్రోజన్ రెండూ ఉన్నాయని అతనికి తెలుసు. అయినా ఒక చర్య నుంచి ఇంకో చర్యకు పోతున్నప్పుడు ఆ రెండూ విడిపోకుండా, ఒకే మూలకంలా, క్లోరిన్ దారిలోనే పోవడం గమనించాడు. సమ్మేళనమనుకున్నది మూలకమని తేలిన రోజుల్లోనే, సమ్మేళనమని తెలిసిన పదార్థం మూలకంలా నడవడం కనబడింది. మూలకం, సమ్మేళనం అనే విభాగం ఎంత గట్టిదో, నడత ఆ గీతను అంత సులువుగా దాటగలదని ఆ అయిదేళ్లు చూపించాయి.

పోలిక ఎంత దూరం పోతుందో పరీక్షనాళికలో చూడవచ్చు. సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో కాస్త ఉప్పునీళ్లు కలిపితే పెరుగు తరకల్లాంటి తెల్లటి అవక్షేపం అడుగుకు దిగుతుంది. అది సిల్వర్ క్లోరైడ్. ఉప్పుకు బదులు థయోసయనేట్ వేసినా తెలుపే, అజైడ్ వేసినా తెలుపే, సయనైడ్ వేసినా తెలుపే. రంగు చూసి ఏది ఏదో చెప్పడం కుదరదు. క్లోరిన్ వాయువును చల్లటి క్షార ద్రావణంలోకి పంపితే అది రెండుగా చీలి క్లోరైడ్, హైపోక్లోరైట్ అవుతుంది. సయనోజెన్‌ను పంపితే అదే పద్ధతిలో సయనైడ్, సయనేట్ వస్తాయి. అయోడిన్, క్లోరిన్ జతకట్టి అయోడిన్ మోనోక్లోరైడ్ అయినట్టే, అయోడిన్, సయనైడ్ జతకట్టి అయోడిన్ సయనైడ్ అవుతాయి. 1919లో సోడర్‌బాక్ విడిగా రాబట్టిన థయోసయనోజెన్ సంగతి మరీ ముచ్చటైనది. అయోడైడ్ ద్రావణంలో వేస్తే అది అయోడిన్‌ను బయటికి తోసేస్తుంది. థయోసయనేట్ ద్రావణంలో బ్రోమిన్ వేస్తే ఈసారి థయోసయనోజెనే బయటికి వస్తుంది. అంటే హాలోజన్ల బలాబలాల వరసలో దానికి బ్రోమిన్‌కూ అయోడిన్‌కూ నడుమ కచ్చితమైన చోటుంది. బయటివాడనుకుంటే ఇలా అన్నదమ్ముల మధ్యలో కూర్చోబెట్టడం సాధ్యం కాదు.

అయితే హాలోజన్‌కు లక్షణం ఏమని చెప్పాలి? ఈ పనికి పనిముట్టు 17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు దగ్గరుంది. ఆయన రాసిన తర్కసంగ్రహం, దాని మీద ఆయనే రాసుకున్న దీపిక తర్కశాస్త్రం చదువుకునేవాళ్లకు తొలి మెట్టు. లక్షణానికి మూడు దోషాలుంటాయని దీపిక చెబుతుంది. కపిలవర్ణం ఉన్నదే ఆవు అంటే తెల్లావు బయట మిగిలిపోతుంది, అది అవ్యాప్తి. కొమ్ములున్నదే ఆవు అంటే గేదె కూడా లోపలికి వస్తుంది, అది అతివ్యాప్తి. ఒంటి గిట్ట ఉన్నదే ఆవు అంటే ఏ ఆవూ మిగలదు, అది అసంభవం. ఇప్పుడు వెండితో కరగని లవణం ఇచ్చేదే హాలోజన్ అని లక్షణం చెప్పి చూస్తే, సయనైడ్, అజైడ్ లోపలికి వచ్చేస్తాయి. అతివ్యాప్తి. సిల్వర్ ఫ్లోరైడ్ నీళ్లలో అమితంగా కరుగుతుంది కనుక ఫ్లోరిన్ బయటపడుతుంది. అవ్యాప్తి. హైడ్రోజన్‌తో బలమైన ఆమ్లాన్నిచ్చేదే హాలోజన్ అన్నా హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం బలహీనమైనది కాబట్టి ఫ్లోరిన్ మళ్లీ బయటే. ఎలక్ట్రాన్ మీద మోజు ఎక్కువ ఉన్నదే హాలోజన్ అంటే ఇంకా ఇబ్బంది. మూలకాలన్నిటిలోకీ ఎలక్ట్రాన్ అపేక్ష ఎక్కువ ఉన్న క్లోరిన్ విలువ 3.61 ఎలక్ట్రాన్ వోల్టులు, సయనైడ్ సమూహానిది 3.86. అసలుదాన్ని కొసరుది మించింది.

ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన నడత ఒకటి కాదని తాగునీటి ప్రమాణాలూ చెబుతాయి. ఐఎస్ 10500 ప్రకారం లీటరు నీటిలో క్లోరైడ్ 250 మిల్లీగ్రాముల దాకా ఉండవచ్చు, ఫ్లోరైడ్ ఒక్క మిల్లీగ్రాము దాటితే మంచిది కాదు. రెండూ నిజమైన హాలైడ్లే. ఆ తేడా ఎముకల మీద ఎలా కనబడుతుందో నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఊళ్లకు తెలిసినంతగా ఏ పుస్తకానికీ తెలియదు.

నడత వదిలేసి నిర్మాణాన్నే పట్టుకోవచ్చు. చివరి కక్ష్యలో ఏడు ఎలక్ట్రాన్లున్న 17వ గ్రూపు మూలకాలే హాలోజన్లు అంటే గొడవ తీరినట్టే ఉంటుంది. కాని ఆ గ్రూపు పుట్టిందే నడతను బట్టి. 1869లో మెండలీవ్ పట్టిక వేసేనాటికి ఎలక్ట్రాన్ సంగతే ఎవరికీ తెలియదు. ఒకే రకంగా ప్రవర్తించేవాటిని ఒక చోట చేర్చారు, కారణం తరువాత దొరికింది. మరో కొసన 2010లో ప్రకటించిన 117వ మూలకం టెనెసిన్ ఉంది. దాని పరమాణువులు ఇంతవరకు కొద్దిపాటి మాత్రమే తయారయ్యాయి, అవీ క్షణంలో నశించాయి. దాని లవణాన్ని ఎవరూ చూడలేదు. అది హాలోజన్‌లా నడుచుకోకపోవచ్చని లెక్కలు సూచిస్తున్నాయి కూడా. అయినా 17వ గ్రూపులో దాని చోటు దానిదే. ఏ పనీ చేసి చూపనిది అసలు హాలోజన్, అన్ని పనులూ చేసి చూపిన థయోసయనేట్ నకిలీ అనడంలో ఏదో వెలితి ఉంది.

న్యాయ వైశేషికాల్లో ఈ వెలితిని పట్టుకునే విభాగం ఉంది. గోత్వం జాతి. అది ఆవుల్లో సమవాయంతో, అంటే విడదీయరాని సంబంధంతో, నిత్యంగా ఉంటుంది. పాచకత్వం, అంటే వంటవాడితనం, జాతి కాదు, ఉపాధి. వంట చేస్తున్నందువల్ల వచ్చిన ధర్మం అది. హాలోజన్ నడతను ఏ గంపలో వేయాలి? ఉదయనాచార్యుడు జాతికి అడ్డుపడే దోషాలు ఆరు చెప్పాడు. అందులో సాంకర్యం ఒకటి. రెండు ధర్మాలు ఒక చోట కలిసి ఉండి, వేరే చోట్ల ఒకటి లేకుండా ఇంకొకటి కనబడితే ఆ రెండూ జాతులు కాలేవు. మూలకత్వం, హాలోజన్ నడత క్లోరిన్‌లో కలిసి ఉన్నాయి. ఇనుములో మొదటిది ఉంది, రెండోది లేదు. సయనైడ్‌లో రెండోది ఉంది, మొదటిది లేదు. సాంకర్యానికి ఇంతకంటే శుభ్రమైన ఉదాహరణ దొరకదు. కాబట్టి మూలకత్వాన్ని జాతిగా ఉంచుకోదలచిన నైయాయికుడు హాలోజన్ నడతను ఉపాధి అనే అంటాడు. అప్పుడు సయనైడ్‌ను నకిలీ అనడానికి వీల్లేదు. వంట చేసే ప్రతివాడూ నిజంగానే వంటవాడు.

పేరు పెట్టిన పద్ధతికి సరిపోయేది ఉపమాన ప్రమాణం. గవయం ఆవును పోలి ఉంటుందని విన్న పట్నవాసి అడవిలో ఆ మృగాన్ని చూసి, ఇదే గవయమని తెలుసుకుంటాడు. హాలోజన్లను పోలినవని విన్న విద్యార్థి అజైడ్‌ను గుర్తుపట్టేదీ ఈ దారినే. ప్రాభాకర మీమాంసకులు ఇంకో అడుగు ముందుకు వేసి సాదృశ్యాన్ని వేరే పదార్థంగానే అంగీకరించారు. పోలిక అనేది చూసేవాడి ఊహ కాదు, లోకంలో ఉన్నదే అని వాళ్ల పక్షం. బ్రోమిన్, అయోడిన్‌ల నడుమ థయోసయనోజెన్‌కు దొరికిన చోటు వాళ్ల పక్షానికి గట్టి సాక్ష్యం.

బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి దారి వేరు. ఆయన లెక్కలో అర్థక్రియ, అంటే పని జరిపించగల శక్తి ఉన్నదే సత్తు. ఒకే పని చేసేవాటిలో ఒకే జాతి దాగి ఉండాలన్న నియమం లేదంటూ ఆయన మందు మొక్కలను చూపాడు. తిప్పతీగ జ్వరం తగ్గిస్తుంది, వేరే మూలికలూ తగ్గిస్తాయి. వాటన్నిటిలో జ్వరహరత్వం అనే నిత్యమైన జాతి ఏదీ కూర్చుని లేదు. వాటి పని ఒకటైనందువల్ల మనం ఒక పేరుతో పిలుస్తాం, అంతే. సూడోహాలోజన్ల పాఠాన్ని ఇంత సూటిగా వివరించే మాట మరొకటి లేదు.

కాని పని అన్నప్పుడు ఏ పని, ఎక్కడ అని అడగాలి. హైదరాబాదు దగ్గర ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల మెట్ట చేలలో పశువులు కాసేవాళ్లు లేత జొన్నలోకి, వాన లేక వాడిన జొన్నలోకి, కోత కోసిన మొదళ్లకు వచ్చిన పిలకల్లోకి పశువును పోనివ్వరు. అలాంటి జొన్న (నాము) మేస్తే పశువు బతకదని వాళ్లకు తెలుసు. జొన్న ఆకులో ధురిన్ అనే పదార్థం ఉంటుంది. ఆకు నలిగినప్పుడు అది విరిగి హైడ్రోజన్ సయనైడ్ విడుదలవుతుంది. సయనైడ్ కణాల్లోని ఇనుమును పట్టుకుని, ఆక్సిజన్ వాడకాన్ని ఆపేస్తుంది. రక్తంలో ఆక్సిజన్ నిండుగా ఉండి ఎర్రగా మెరుస్తుంటుంది, పశువు మాత్రం ఊపిరాడక పడిపోతుంది. పశువైద్యుడు సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ నరానికి ఎక్కిస్తాడు. థయోసల్ఫేట్ ఇచ్చిన ఒక్క గంధక పరమాణువుతో సయనైడ్ థయోసయనేట్‌గా మారి మూత్రంలో పోతుంది. వెండి దగ్గర ఈ రెంటికీ తేడా కనబడలేదు. పశువు ఒంట్లో ఒకటి చావు, ఒకటి బతుకు. ఉప్పులోని క్లోరైడ్‌నైతే అదే పశువు రోజూ నాకుతుంది. అర్థక్రియతో వర్గం కట్టేవాడు ఏ పరీక్షలో చూసిన అర్థక్రియో చెప్పి తీరాలి.

నిర్మాణం పూర్తిగా పక్కకు పోదన్న సంగతి అజైడ్ దగ్గర ఇంకా గట్టిగా తెలుస్తుంది. సిల్వర్ క్లోరైడ్ ఎండలో నల్లబడుతుంది, సిల్వర్ అజైడ్ దెబ్బ తగిలితే పేలుతుంది. లెడ్ అజైడ్ రాతి క్వారీల్లో వాడే డిటోనేటర్ల గుండె. 1961లో హైదరాబాదు కూకట్‌పల్లిలో మొదలైన ఇండియన్ డిటోనేటర్స్ లిమిటెడ్ లాంటి పరిశ్రమలు ఆ శక్తినే అదుపులో పెట్టి పనికి పంపాయి. కారు ఎయిర్‌బ్యాగుల్లో చాలాకాలం వాడిన సోడియం అజైడ్ రెప్పపాటులో నైట్రోజన్ వాయువుగా మారి సంచిని నింపేది. మూడు నైట్రోజన్లు కలిసికట్టుగా ఉన్నంతసేపు అజైడ్ హాలోజన్‌లా నడుస్తుంది. ఆ కట్టు తెగిన క్షణాన అది నైట్రోజనే. క్లోరిన్‌కు ఇలాంటి క్షణం రాదు, ఎందుకంటే ఏ రసాయన చర్యా దాని కేంద్రకాన్ని పగలగొట్టలేదు.

ఇక్కడ నైయాయికుల అవయవి వాదం, అంటే భాగాలకంటే మొత్తం వేరనే వాదం, పనికొస్తుంది. దారాలకంటే వస్త్రం వేరే ద్రవ్యమని వాళ్లు, దారాలు తప్ప వస్త్రమేదీ లేదని బౌద్ధులు వాదించారు. సయనైడ్ చర్య నుంచి చర్యకు ఒక్కటిగా కదలడం అవయవి పక్షానికి బలం. అజైడ్ పేలుడు అవయవాలు ఎక్కడికీ పోలేదనడానికి బలం. జతలోనూ ఈ తేడా కనబడుతుంది. క్లోరిన్ రెండేసిగా జతకట్టి హాయిగా ఉంటుంది. రెండు అజైడ్లకు సమానమైన ఆరు నైట్రోజన్ల అణువు మాత్రం 2025లో గానీ చేతికి రాలేదు. జర్మనీలో గీసెన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు సిల్వర్ అజైడ్ మీదికి క్లోరిన్ లేదా బ్రోమిన్ వాయువును పంపి దాన్ని తయారు చేసి, అతిశీతలంలో నిలిపి చూశారు.

హైదరాబాదు నుంచి ఇబ్రహీంపట్నం మీదుగా పోయే రోడ్డు నాగార్జునసాగర్ చేరుతుంది. అక్కడి కొండకు పేరిచ్చిన ఆచార్యుడు ఈ వాదాన్ని మొదటి నుంచే ఇంకోలా నడిపేవాడు. స్వభావమంటే ఇంకొకదాని మీద ఆధారపడనిది, ఎవరూ చేయనిది అయి ఉండాలనీ, అలాంటిది ఏ వస్తువులోనూ దొరకదనీ నాగార్జునుడి మాధ్యమిక మార్గం. హాలోజన్ నడత ఈ విచారణకు నిలవదు. ఒక ఎలక్ట్రాన్ కొరత ఉన్నది, దాన్ని ఇవ్వగల సోడియమో వెండో ఎదుట ఉన్నది అయితేనే ఆ నడత పుడుతుంది. అది క్లోరిన్‌లో ఒంటరిగా దాచిన సొత్తు కాదు, ఇద్దరి మధ్య జరిగే లావాదేవీ. అందుకే అదే లావాదేవీ జరపగల మరెవరికైనా ఆ నడత అబ్బుతుంది. నాలుగు కార్బన్ మోనాక్సైడ్లను తగిలించుకున్న కోబాల్ట్ కూడా సూడోహాలోజన్‌లా నడుస్తుంది, హైడ్రోజన్‌తో ఆమ్లాన్నిస్తుంది, తనలాంటి దానితో జతకడుతుంది. ఎదుటి పక్షంలో అమోనియం అయాన్ పొటాషియం పాత్ర పోషిస్తుంది.

ఈ వరసలో అన్నిటికంటే దూరం పోయింది అల్యూమినియం. అల్యూమినియం ఎలక్ట్రాన్లు ఇచ్చే లోహం, హాలోజన్‌కు పూర్తిగా అవతలి గట్టు. పదమూడు అల్యూమినియం పరమాణువులు ఒక గుంపుగా చేరితే ఆ గుంపు ఎలక్ట్రాన్ కోసం క్లోరిన్‌కు దగ్గరగా వచ్చేంత ఆశపడుతుందనీ, అయోడిన్‌తో కలిసినప్పుడు హాలోజన్‌లా నడుస్తుందనీ 2004లో శాస్త్రవేత్తలు కాసిల్‌మన్, ఖన్నాల బృందం చూపించింది. అవయవాల్లో ఎక్కడా లేని నడత అవయవిలో ఉంది. మరుసటి ఏడాది అదే బృందం పద్నాలుగో అల్యూమినియం పరమాణువు చేరిన గుంపును పరీక్షించింది. అది హాలోజన్‌లా కాక, కాల్షియం కుటుంబపు లోహంలా అయోడిన్‌తో లవణం కట్టింది.